హైదరాబాద్ చలిలో పరుగు: ఏ బట్టలు, ఎప్పుడు, ఎలా

నవంబరు సగం దాటిందంటే చాలు, కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్లు ఒకటే అడుగుతారు: "పొద్దున్నే అంత చలిలో ఏం వేసుకుని పరిగెత్తాలి?" కొందరు స్వెటర్ మీద జాకెట్ వేసుకుని వచ్చి రెండో కిలోమీటరుకే ఉక్కపోతతో ఆగిపోతారు. ఇంకొందరు చలికి జడిసి ఫిబ్రవరి దాకా పరుగే మానేస్తారు. రెండూ అక్కర్లేదు.

మన ఊళ్లో పరిగెత్తేటప్పుడు చలి పెద్దగా బాధించదు. అసలు ఇబ్బంది పరుగుకు ముందు పదిహేను నిమిషాలు, పరుగయ్యాక అరగంట. బండి మీద పార్కుకు వెళ్లేటప్పుడు, తడిసిన టీషర్టుతో తిరిగి వచ్చేటప్పుడు. అందుకని పరుగుకు వేసుకునే బట్టలు వేరు, దారికి వేసుకునే బట్టలు వేరు అనుకుని ఎంచుకోండి. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే.

1. ముందు మీ దగ్గర చలి ఎంతో చూసుకోండి

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున నగరంలో మామూలుగా 13 నుంచి 16 డిగ్రీలు ఉంటుంది. ఉత్తరాది చలిగాలులు దిగిన రోజుల్లో 10 కిందికీ పోతుంది. అయితే ఊరంతా ఒకేలా ఉండదు. పటాన్‌చెరు, రాజేంద్రనగర్, గచ్చిబౌలి దాటాక సెంట్రల్ యూనివర్సిటీ వైపు ఇగం ఎక్కువ. అమీర్‌పేట, కోఠి లాంటి ఇరుకు ప్రాంతాల్లో సిమెంటు కట్టడాలు పగటి వేడిని పట్టుకుని ఉంచుతాయి కాబట్టి రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉంటుంది.

ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు "హైదరాబాద్" అని కాకుండా మీ ప్రాంతం పేరు పెట్టి చూడండి. అందులో మూడు విషయాలు గమనించండి:

- మీరు బయల్దేరే గంటకు ఉష్ణోగ్రత. రాత్రి పదింటికి ఉన్నది కాదు.
- గాలి వేగం. నెక్లెస్ రోడ్డు మీద, దుర్గం చెరువు వంతెన మీద నీటి మీదుగా వచ్చే గాలికి చలి ఎక్కువ తెలుస్తుంది. కేబీఆర్ పార్కు చుట్టూ చెట్లు అడ్డుంటాయి కాబట్టి అంత ఉండదు.
- సూర్యోదయం. జనవరిలో మనకు దాదాపు 6:45కు పొద్దు పొడుస్తుంది. రోజులో అన్నిటికంటే చల్లటి సమయం సరిగ్గా దానికి కాస్త అటూ ఇటూ. అయిదున్నరకు మొదలుపెడితే పరుగు మధ్యలో చలి ఇంకొంచెం పెరుగుతుందే తప్ప తగ్గదు.

2. థర్మామీటరు చూపే అంకెకు 5 నుంచి 8 డిగ్రీలు కలపండి

పరిగెత్తేటప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో చాలా భాగం, సుమారు నాలుగింట మూడు వంతులు, వేడిగానే బయటికి వస్తుంది. పది నిమిషాల్లో ఒళ్లు వెచ్చబడుతుంది. అందుకే బయట 13 ఉంటే, 20 డిగ్రీల పొద్దున ఊరికే నడవడానికి ఏం వేసుకుంటారో అదే వేసుకోండి.

మెల్లగా కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తే రోజు 5 కలపండి. వేగంగా పరిగెత్తే రోజు, ఎత్తులు ఎక్కే రోజు 8 కలపండి. కాస్త నడక, కాస్త పరుగుగా సాగించేవాళ్లకు అంత వేడి పుట్టదు. వాళ్లు ఏమీ కలపకుండా, ఉన్న అంకెకే బట్టలు వేసుకోవడం మంచిది.

గుమ్మం దగ్గరే ఒక పరీక్ష ఉంది. పరుగు బట్టలతో బయట నిలబడితే కొంచెం చలి వేయాలి. వణుకు రాకూడదు, హాయిగానూ ఉండకూడదు. అక్కడే హాయిగా ఉందంటే ఒంటి మీద ఒక బట్ట ఎక్కువైనట్టు. దాన్ని తీసేసి వెళ్లండి.

3. బట్ట రకం: కాటన్ పక్కన పెట్టండి

మండువేసవిలో మనల్ని కాపాడే కాటనే చలికాలం పరుగులో చిక్కు తెస్తుంది. కాటన్ చెమటను పీల్చి తనలోనే ఉంచుకుంటుంది. బరువెక్కి ఒంటికి అతుక్కుంటుంది. మీరు ఆగిన క్షణం నుంచి ఆ తడి, గాలికి చల్లబడి ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఛాతీ, వీపు మీద చల్లగా పట్టేసినట్టు అనిపించేది ఇందుకే.

కావలసింది పాలిస్టర్ లేదా నైలాన్, అందులో సాగడానికి కొద్దిగా స్పాండెక్స్. దుకాణాల్లో డ్రైఫిట్ అని అడిగితే ఇచ్చేది ఇదే. పేరు చూసి నమ్మకండి. లోపలి పక్క కుట్టు దగ్గర ఉండే చిన్న లేబుల్ చదవండి. కాటన్ సగం కలిసి ఉన్నా పరుగుకు పనికిరాదు.

కొనేటప్పుడు ఇవి చూడండి:

- టీషర్టును తిరగేసి చంక దగ్గర కుట్టు మీద బొటనవేలు గట్టిగా రాయండి. గరుకుగా తగిలితే అయిదో కిలోమీటరుకు అక్కడ చర్మం ఒరుసుకుపోతుంది. కుట్టు పరుచుకుని చదునుగా ఉండాలి.
- రెండు చేతులూ పైకెత్తండి. పొట్ట బయటపడితే పొడవు చాలదు.
- బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టండి. కాస్త వెలుగు కనబడాలి. బొత్తిగా కనబడకపోతే మన చలికి అది మందం ఎక్కువ.
- మెడ దగ్గర గుచ్చుకునే ట్యాగ్ ఉంటే ఇంటికెళ్లగానే కత్తిరించండి.

ఇక్కడ మగవాళ్లకు గట్టిగా ఒక మాట చెప్పాలి. డ్రైఫిట్ లోపల కాటన్ బనియన్ వేసుకోకండి. వందలు పోసి కొన్న టీషర్టు చేసే పనంతా ఆ బనియన్ ఆపేస్తుంది. చెమట బనియన్‌లోనే ఉండిపోతుంది, పైన ఉన్న బట్ట పొడిగా ఉంటుంది, మీరు మాత్రం లోపల తడిసి వణుకుతారు. అలవాటు మానడం కష్టమైతే పలుచటి, బిగుతుగా ఉండే చేతుల్లేని పాలిస్టర్ బనియన్ దొరుకుతుంది, అది వేసుకోండి.

ఇంట్లో చలికి వేసుకునే థర్మల్స్ కూడా పరుగుకు వద్దు. వాటిలో చాలావరకు కాటన్ కలుస్తుంది, పైగా కదలకుండా కూర్చున్నవాళ్ల కోసం తయారైనవి. మెరినో ఊలు (మెరినో గొర్రెల సన్నటి ఊలు) నిజంగా మంచి బట్ట, తడిసినా వెచ్చగా ఉంటుంది, వాసన తొందరగా పట్టదు. కానీ ఆ ధర హైదరాబాద్ చలికి పెట్టనవసరం లేదు.

4. డిగ్రీలను బట్టి ఏం వేసుకోవాలి

ఈ అంకెలు థర్మామీటరు చూపేవే, పైన చెప్పిన 5–8 వీటికి మళ్లీ కలపక్కర్లేదు.

18 పైన: పొట్టి చేతుల డ్రైఫిట్, షార్ట్స్. ఇంకేమీ వద్దు.

14 నుంచి 18: అదే టీషర్టు, అదే షార్ట్స్. చలి ఎక్కువ తెలిసేవాళ్లు ఆర్మ్ స్లీవ్స్ (చేతులకు విడిగా తొడుక్కునే సాగే తొడుగులు) తగిలించుకోండి. మన చలికాలంలో ఎక్కువ రోజులు ఈ లెక్కలోకే వస్తాయి.

10 నుంచి 14: పలుచటి పొడుగు చేతుల టీషర్టు, లేదా పొట్టి చేతులది, దానికి తోడు ఆర్మ్ స్లీవ్స్. కింద షార్ట్స్ చాలు, కాళ్లకు చలి వేస్తే టైట్స్ (కాళ్లకు అతుక్కునే సాగే ప్యాంటు). వేళ్లు కొంకర్లు పోయేవాళ్లకు పలుచటి గ్లవ్స్.

10 కింద: పొడుగు చేతుల టీషర్టు, దాని మీద చేతుల్లేని పలుచటి విండ్‌చీటర్, టైట్స్, గ్లవ్స్, చెవులు కప్పే బఫ్ (తలకు, మెడకు వేసుకునే గొట్టంలాంటి సాగే బట్ట). ఏడాదిలో ఇలాంటి పొద్దులు మనకు కొద్దిగానే వస్తాయి. వాటి కోసం ఖరీదైన జాకెట్ కొనకండి.

గాలి బలంగా ఉంటే ఒక మెట్టు కిందికి దిగి చూసుకోండి. 15 డిగ్రీలు ఉన్నా గాలి వీస్తుంటే 10–14 వరుసలో చెప్పినవి వేసుకోండి. ఇంకో చిట్కా: వెళ్లి తిరిగొచ్చే దారి అయితే మొదటి సగం గాలికి ఎదురుగా పరిగెత్తండి. చెమట పట్టాక రెండో సగం గాలి వీపు వైపు ఉంటుంది.

5. తల నుంచి పాదం దాకా

*తల, చెవులు.* మంకీ క్యాప్ నడకకు బాగుంటుంది, పరుగుకు కాదు. ఊలు తడిసి నుదుటి మీద దురద పెడుతుంది, పైగా పక్కనుంచి వచ్చే బండి చప్పుడు వినబడదు. తల నుంచే సగం వేడి పోతుందని చాలామంది అంటారు. అది నిజం కాదు. మిగతా ఒంటిలాగే తల కూడా తన వైశాల్యానికి తగ్గట్టే వేడిని వదులుతుంది. కానీ చెవులకు గాలి తగిలితే నొప్పి పుడుతుంది కాబట్టి చెవులు కప్పే బఫ్ చాలు.

*మెడ, ముక్కు.* అదే బఫ్‌ను మెడలో వేసుకుని, చలిగాలి ముక్కులో చురుక్కుమన్నప్పుడు పైకి లాక్కోవచ్చు. పీల్చే గాలి కాస్త వెచ్చబడుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు ఇది బాగా పనిచేస్తుంది, కానీ ఇన్‌హేలర్ జేబులో ఉండాల్సిందే. పరుగులో ఛాతీ పట్టేసినట్టు, పిల్లికూతలు వచ్చినట్టు అనిపిస్తే ఆగిపోయి డాక్టర్‌కు చూపించుకోండి. బట్టలు మార్చి సరిపెట్టుకునే విషయం కాదది.

*చేతులు.* ఆర్మ్ స్లీవ్స్ మన ఊరి చలికి అన్నిటికంటే ఉపయోగపడే వస్తువు అని నా నమ్మకం. వేడెక్కగానే మణికట్టు దాకా తోసేయవచ్చు, తీసి జేబులో పెట్టుకోవచ్చు. ఎండాకాలంలో బండి నడిపేవాళ్లు వేసుకునే సాగే స్లీవ్స్ ఉంటాయి కదా, సిగ్నళ్ల దగ్గర, ఫుట్‌పాత్‌ల మీద అమ్ముతారు. అవీ పనికొస్తాయి. భుజం దగ్గర రబ్బరు మరీ బిగుతుగా లేకుండా చూసుకుంటే చాలు.

*లోదుస్తులు.* దీన్ని ఎవరూ అడగరు, ఇబ్బంది మాత్రం ఎక్కువ దీనితోనే. కాటన్ అండర్‌వేర్ తడిసి తొడల మధ్య రాపిడి పెడుతుంది. చలికాలంలో చర్మం పొడిబారి ఉంటుంది కాబట్టి ఒరుసుకుపోవడం ఇంకా తొందరగా జరుగుతుంది. సాగే పాలిస్టర్ లేదా నైలాన్ రకం, తొడ సగం దాకా వచ్చేది వేసుకోండి. లోపల అస్తరు ఉన్న షార్ట్స్ అయితే అండర్‌వేర్ అక్కర్లేదు.

బయల్దేరే ముందు తొడల లోపలి వైపు, చంకలు, నడుం పట్టీ తగిలే చోట వాజ్‌లిన్ పలుచగా రాయండి. కొబ్బరినూనె తొందరగా ఇంకిపోతుంది, పది కిలోమీటర్లు దాటితే సరిపోదు. గంటకు మించి పరిగెత్తే మగవాళ్లు చనుమొనల మీద మందుల షాపులో దొరికే మైక్రోపోర్ టేప్ ముక్క అంటించుకోండి. చలికి అక్కడ రాపిడి ఎక్కువ, రక్తం వచ్చేదాకా తెలియదు.

*స్పోర్ట్స్ బ్రా.* కింది పట్టీలో రెండు వేళ్లు పట్టాలి, అంతకు మించి వదులు ఉండకూడదు. దుకాణంలో వేసుకుని అక్కడే పది సార్లు గెంతి చూడండి. మామూలు బ్రా మీద స్పోర్ట్స్ బ్రా వేసుకోవద్దు, హుక్కులు వీపులో గుచ్చుకుంటాయి, తడీ ఆరదు.

*చున్నీ, హిజాబ్.* చున్నీ చలికి కప్పుకుని పరిగెత్తితే కాళ్లకు అడ్డం పడుతుంది. వదులుగా, తుంటి దాకా వచ్చే డ్రైఫిట్ టీషర్టు వేసుకుంటే చున్నీ లేదన్న ఇబ్బంది ఉండదు. హిజాబ్ వేసుకునేవాళ్లకు సాగే పలుచటి స్పోర్ట్స్ హిజాబ్ దొరుకుతుంది. అందులో చెవులకూ మెడకూ రక్షణ కలిసే ఉంటుంది, వేరే బఫ్ అక్కర్లేదు.

*కాళ్లు.* పెద్ద కండరాలు పనిచేస్తుంటాయి కాబట్టి కాళ్లకు చలి తక్కువ. కింది అంచు వెడల్పుగా ఉండే బరువైన ట్రాక్ ప్యాంటు వద్దు, మడమ కింద పడుతుంది. మోకాళ్లు చలికి పట్టేస్తాయనుకునేవాళ్లు మోకాలి కింది దాకా వచ్చే టైట్స్ వేసుకోండి.

*సాక్స్.* ఆఫీసుకు వేసుకునే కాటన్ సాక్స్ వద్దు. తడిసి బొబ్బలు వస్తాయి. చలికని రెండు జతలు కూడా వేసుకోకండి, బూటు ఇరుకై వేళ్లు మొద్దుబారతాయి.

6. రాత్రి నుంచి ఇంటికి చేరేదాకా

1. రాత్రి పడుకునే ముందు మీ ప్రాంతం ఉష్ణోగ్రత చూసి బట్టలు కుర్చీ మీద పెట్టుకోండి. తెల్లవారుజామున నిద్రమత్తులో ఎంచుకుంటే ఎప్పుడూ ఒకటి ఎక్కువే వేసుకుంటాం.

2. పరుగు బట్టల మీద దారి జాకెట్ వేసుకోండి. ఇది ఏదైనా పర్లేదు: పాత స్వెటర్, హుడీ, రెయిన్‌కోటు పైభాగం. బండి మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లేటప్పుడు తగిలే గాలి, పరుగులో తగిలే గాలికి నాలుగింతలు. అసలైన చలి అదే. ఛాతీ, చేతులు కప్పుకోండి. కింద షార్ట్స్ ఉంటే దాని మీద పాత ట్రాక్ ప్యాంటు.

3. పార్కు చేరాక జాకెట్‌తోనే అయిదు నిమిషాలు చురుగ్గా నడవండి. మోకాళ్లు, చీలమండలు కదిలించండి. ఒళ్లు కాస్త వెచ్చబడగానే జాకెట్ తీసి డిక్కీలో పెట్టండి. నడుముకు కట్టుకుని పరిగెత్తకండి. జారుతుంది, నడకతీరు మారుతుంది.

4. మొదటి కిలోమీటరు కావాలనే మెల్లగా వెళ్లండి. చలికి కండరాలు బిగుసుకుని ఉంటాయి.

5. మధ్యలో వేడెక్కితే ముందు గ్లవ్స్, తర్వాత స్లీవ్స్, తర్వాత విండ్‌చీటర్ జిప్పు. చెమట ధారగా కారకముందే తీయాలి.

6. దాహం వేయకపోయినా గుక్కెడు నీళ్లు తాగండి. చలిలో దాహం తెలియదు, చెమట మాత్రం పోతూనే ఉంటుంది.

7. పరుగు ఆపిన అయిదు నిమిషాల్లో పై బట్ట మార్చండి. ఈ ఒక్క పని చేయనివాళ్లే ఎక్కువ. గేటు దగ్గర టీ పట్టుకుని, తడి టీషర్టుతో అరగంట కబుర్లు చెప్పుకుంటే వణుకు పుట్టి ఒళ్లు పట్టేస్తుంది. ముందు తువ్వాలుతో వీపు, మెడ తుడుచుకోండి, పొడి టీషర్టు వేసుకోండి, దాని మీద జాకెట్, ఆ తర్వాత టీ. తడి టీషర్టు మీదే జాకెట్ వేసుకోవడం అంటే ఆ తడిని ఒంటికి చుట్టుకోవడమే.

ఆడవాళ్లకు పార్కులో బట్టలు మార్చుకునే చోటు దొరకడం కష్టం. పరుగుకు ముందు జిప్పున్న, వదులైన పొడి జాకెట్ ఒకటి విడిగా పెట్టుకోండి. దాన్ని వేసుకుని లోపలి నుంచే తడి టీషర్టు లాగేయవచ్చు. స్పోర్ట్స్ బ్రా తడిగానే ఉంటుంది కాబట్టి ఇంటికి చేరడం ఆలస్యం చేయకండి.

డిక్కీలో ఉండాల్సినవి:

- పొడి టీషర్టు (ఇది కాటన్ అయినా మంచిదే, బాగుంటుంది కూడా)
- చిన్న తువ్వాలు
- దారి జాకెట్
- తడి బట్టలకు ఒక కవరు
- నీళ్ల సీసా
- వాజ్‌లిన్ చిన్న డబ్బా

7. చీకటి, పొగమంచు

అయిదున్నరకు రోడ్డెక్కేవాళ్లు నల్ల బట్టలు మానేయండి. నలుపు, ముదురు నీలం వేసుకున్న మనిషి, పొగమంచులో డ్రైవర్‌కు దగ్గరికి వచ్చేదాకా కనబడడు. ముదురు రంగు బట్టలే ఉంటే వాటి మీద లైటు పడగానే మెరిసే పట్టీల చొక్కా వేసుకోండి. రోడ్డు పనివాళ్లు వేసుకునేలాంటిది, హార్డ్‌వేర్ షాపుల్లో చవగ్గా దొరుకుతుంది. చీలమండ దగ్గర మెరిసే పట్టీ కడితే ఇంకా మేలు, కదిలే కాలు దూరం నుంచే కంటపడుతుంది.

రోడ్డు మీద పరిగెత్తాల్సి వస్తే వచ్చే బండ్లకు ఎదురుగా, కుడి అంచున పరిగెత్తండి. ఇయర్‌ఫోన్లు వద్దు. పొగమంచు దట్టంగా ఉన్న రోజు, చెత్త తగలబెట్టిన పొగ కిందికి దిగి ఉన్న రోజు గంట ఆలస్యంగా వెళ్లండి, లేదా కాలేజీ మైదానం, స్టేడియం ట్రాక్ లాంటి చోటికి మారండి.

8. తరచూ వచ్చే ఇబ్బందులు, సవరణలు

*మొదటి కిలోమీటరులో హాయి, మూడో దానిలో ఉక్కపోత.* పైన ఒక బట్ట ఎక్కువైంది. రేపు అదే ఉష్ణోగ్రతకు ఒకటి తగ్గించండి.

*ఒళ్లంతా వెచ్చగా ఉంది, వేళ్లు మాత్రం మంచుగడ్డలు.* జాకెట్ మందం పెంచినా లాభం లేదు. గ్లవ్స్ వేసుకోండి. వేళ్లు తెల్లబడి, తిమ్మిరెక్కి, ఇంటికొచ్చాక చాలాసేపటికి గానీ మామూలు కాకపోతే డాక్టర్‌ను అడగండి.

*ఇంటికెళ్లి స్నానం చేస్తే మంట.* నీళ్లు తగిలి ఎక్కడ మండిందో అక్కడ చర్మం ఒరుసుకుంది. రేపు ఆ చోట వాజ్‌లిన్, ఆ కుట్టున్న బట్ట మార్పు.

*పరుగంతా ముక్కు కారుతోంది.* చలిగాలికి చాలామందికి అంతే. మణికట్టుకు ఒక పాత బఫ్ చుట్టుకోండి, తుడుచుకోవడానికి పనికొస్తుంది.

*బరువు తగ్గాలని గాలాడని ప్లాస్టిక్ సూటు.* దయచేసి వద్దు. అందులో తగ్గేది నీటి బరువే, తాగగానే తిరిగి వస్తుంది. ఒళ్లు వేడెక్కి కళ్లు తిరిగే ప్రమాదం చలిలోనూ ఉంటుంది.

9. ఒక్కసారే అన్నీ కొనకండి

ముందు రెండు డ్రైఫిట్ టీషర్టులు, ఒక షార్ట్స్, రెండు జతల సాక్స్, సరైన లోదుస్తులు. తర్వాత ఆర్మ్ స్లీవ్స్, బఫ్. ఆ తర్వాత పొడుగు చేతుల టీషర్టు. అన్నిటికంటే చివర విండ్‌చీటర్. కొంటే, మడిస్తే గుప్పిట్లో పట్టేంత పలుచటిది, చంకల దగ్గర గాలాడే రంధ్రాలున్నది కొనండి. దారి జాకెట్‌కు మాత్రం డబ్బు పెట్టకండి, ఇంట్లో ఉన్నదే వాడండి.

10. వేరే ఊరి రేసుకు వెళ్తుంటే

జనవరిలో ముంబై మారథాన్‌కు ఇక్కడి నుంచి చాలామంది వెళ్తారు. అక్కడ మన చలి ఉండదు, తేమ ఎక్కువ, కాసేపటికే ఎండ. ఇక్కడ పొడుగు చేతులతో అలవాటు పడినా అక్కడికి పలుచటి పొట్టి చేతులది, టోపీ తీసుకెళ్లండి. రేసుకు ముందు రెండు మూడు వారాల పాటు వారానికి ఒక పరుగు పొద్దెక్కాక చేయండి.

ఫిబ్రవరి ఢిల్లీ రేసు అందుకు తిరగబడి ఉంటుంది. తెల్లవారుజామున మొదలయ్యే ముందు గంటసేపు చలిలో నిలబడాలి. పారేయడానికి సిద్ధపడ్డ పాత స్వెటర్ వేసుకెళ్లి, మొదలవగానే తీసేయండి. ఏ రేసుకైనా ఒక్కసారి కూడా పరిగెత్తి చూడని కొత్త బట్ట వేసుకోకండి.

11. ఉతకడం

తడి బట్టలను కవర్లోంచి ఇంటికి రాగానే తీయండి. సాయంత్రం దాకా ఉంచితే పాలిస్టర్‌కు పట్టిన వాసన తర్వాత ఎంత సబ్బు పెట్టినా వదలదు.

తిరగేసి, చల్లటి నీళ్లలో, తక్కువ సబ్బుతో ఉతకండి. బట్టలు మెత్తబడటానికి ఆఖర్న కలిపే సువాసన ద్రవం వాడకండి. అది దారాల మీద పొరలా పట్టి చెమటను లాగే గుణాన్ని పాడు చేస్తుంది. బ్లీచ్ వద్దు, ఇస్త్రీ అసలు వద్దు. పాత టీషర్టుకు వాసన పట్టి ఉంటే బకెట్ నీళ్లలో అరకప్పు తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టి ఉతకండి. నీడలో, గాలి తగిలే చోట ఆరేయండి. మన బాల్కనీ ఎండకు సాగే దారం తొందరగా వదులైపోతుంది.

వదులై జారుతున్న ఆర్మ్ స్లీవ్స్, అరిగి పలుచబడ్డ సాక్స్ ఏడాదికోసారి మార్చండి. టీషర్టులు అంతకంటే చాలాకాలం వస్తాయి.